తూకంలో నీరెంత? కొవ్వెంత?

గుజరాత్‌లో సూరత్ నగరానికి చేరువగా, పల్సాణా తాలూకాలో జోల్వా అనే గ్రామమున్నది. చుట్టుపక్కల చెరకు తోటలు, వాటి నడుమ బట్టలు నేసే మరమగ్గాలు, రంగులద్దే కర్మాగారాలు. గుడ్డకు రంగు పట్టాలంటే ఆవిరి కావాలి; ఆవిరికి బాయిలర్లు మండుతూ ఉండాలి. సముద్రం మీదుగా వచ్చే తేమగాలికి ఈ వేడి తోడైనప్పుడు, అక్కడ నిలబడి పనిచేసే మనిషి చొక్కా చూస్తూండగానే తడిసిపోతుంది. సూరత్ ప్రాంతపు మగ్గాలకు తెలుగువారు కొత్త కాదు. తెలంగాణా జిల్లాల నుండి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఆ నగరంలో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం పాఠశాలలు నడుపుతున్నదంటే, అక్కడ మనవారి ఉనికి ఎంతటిదో ఊహించవచ్చు.

ఇటువంటి చోట నివసించే ఒక నడివయస్కుడు బరువు తగ్గాలని సంకల్పించాడనుకొందాం. అన్నం తగ్గించాడు, నూనె తగ్గించాడు, పొద్దున్నే నడక ప్రారంభించాడు. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గాడు. రెండవ వారం ముల్లు కదలలేదు. మూడవ వారం అర కిలో పెరిగింది! ఇక సలహాలకు కొదువ ఏమున్నది? “నీ ఒంటికి నీరు పట్టింది, నీళ్లు తాగడం తగ్గించు” అంటాడొక మిత్రుడు. “కాదు, రోజుకు ఐదు లీటర్లు తాగు, కొవ్వంతా కొట్టుకొనిపోతుంది” అంటాడు మరొకడు. ఈ రెండు సలహాలూ పొరపాటువే. అందులో మొదటిది, మండుటెండలోనో బాయిలరు పక్కనో చెమటోడ్చే మనిషికి ప్రాణం మీదికి తేగలదు.

మొదటి వారపు మాయ

వయసు వచ్చిన పురుషుని శరీరంలో సుమారు 60 శాతం నీరే. స్త్రీలలోను, స్థూలకాయులలోను ఈ పాలు కొంత తక్కువ. తూకపు యంత్రానికి కొవ్వు వేరు, నీరు వేరు అనే వివేకం లేదు. రెంటినీ కలిపి ఒక్క అంకెగా చూపుతుంది. చిక్కంతా ఇక్కడే వస్తున్నది.

మనం తిన్న అన్నంలోని పిండిపదార్థంలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలోను, కండరాలలోను దాచుకొంటుంది. ఈ నిల్వ సుమారు అర కిలో ఉంటుంది. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆహారం తగ్గించిన తొలి దినాలలో శరీరం ముందుగా ఈ నిల్వనే ఖర్చు చేస్తుంది. దానితో కట్టుబడి ఉన్న నీరు కూడా బయటికి పోతుంది. మొదటి వారంలో కిలో, రెండు కిలోలు ఇట్టే తగ్గడానికి ముఖ్య కారణమిదే. అదే మనిషి ఒక పెండ్లి విందులో కడుపునిండా భోంచేస్తే, ఆ నిల్వా, దానితోపాటు నీరూ తిరిగి చేరుకొంటాయి. మరునాడు తూకంలో కనబడిన పెరుగుదల నీటిది. కొవ్వు ఒక్క రాత్రిలో అంతగా పేరుకొనదు.

కొవ్వు కరగడం నిదానమైన పని. ఒక కిలో కొవ్వు తగ్గాలంటే దాదాపు 7,700 కాలరీల లోటు ఏర్పడాలి. దినానికి 500 కాలరీల ఆహారం తగ్గించినవానికి రెండు వారాలు పడుతుంది. నీటి బరువు మాత్రం ఒక్క దినంలోనే కిలోల మీద హెచ్చుతగ్గులు కాగలదు.

మిషిగన్ వైద్యుని వివరణ

నియమం తప్పకుండా పాటిస్తున్నా బరువు నిలిచిపోయే ఈ వింతను 1930 ప్రాంతంలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో లూయీ న్యూబర్గ్ అనే వైద్యుడు శ్రద్ధగా పరిశీలించాడు. అల్పాహార నియమంలో ఉన్న కొందరు రోగుల బరువు రోజుల తరబడి కదలేది కాదు. తమ శరీరతత్వమే వేరని, ఎంత తక్కువ తిన్నా తగ్గబోమని వారు నమ్మేవారు. వారి ఆహారాన్ని, విసర్జనలను తూచి లెక్కగట్టిన న్యూబర్గ్ అసలు సంగతి కనుగొన్నాడు. కొవ్వు ఆ దినాలన్నిటా తరుగుతూనే ఉన్నది. దాని స్థానంలో నీరు తాత్కాలికంగా నిలువ ఉన్నది. కొన్నాళ్లకు ఆ నీరు ఒక్కసారిగా మూత్ర రూపంలో వెలువడి, తూకం లెక్కకు తగినట్లు కిందికి దిగేది.

ఇందులో ఆశ్చర్యం లేదు. కొవ్వు శరీరంలో మండినప్పుడు బొగ్గుపులుసు వాయువు, నీరు పుడతాయి. మనం పీల్చిన ప్రాణవాయువు కూడా అందులో చేరుతుంది కనుక, ఒక కిలో కొవ్వు మండితే ఒక లీటరుకు కొంచెం ఎక్కువగానే నీరు తయారవుతుంది. ఆ నీరు కొన్నాళ్లు ఒంటిలో నిలిచిందా, తూకపు యంత్రం మనిషి శ్రమను దాచివేసినట్లే.

నీరు నిలవడానికి ఇతర కారణాలూ ఉన్నాయి. కొత్తగా వ్యాయామం ప్రారంభించినప్పుడు, అలవాటు లేని పనికి నొచ్చుకొన్న కండరాలలో నీరు చేరుతుంది. చాలమంది స్త్రీలకు నెలసరికి ముందు దినాలలో కిలో దాకా బరువు పెరిగి, తరువాత దానంతటదే తగ్గుతుంది. అటువంటి దినాన తూచుకొని, చేసినదంతా వృథా అని నియమం విడిచిపెట్టినవారు లెక్కకు మిక్కిలి. నష్టమంతా అక్కడే ఉన్నది.

ఉప్పు చేసే పని

ఒంటిలో నీటిని నిలిపే వాటిలో ఉప్పుది పెద్దపీట. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన రక్తపు ఉప్పదనానికి అది సరిపోయే పాలు. అనగా అదనంగా తిన్న 9 గ్రాముల ఉప్పు, మూత్రపిండాలు దానిని తోసివేసేవరకు, దాదాపు ఒక లీటరు నీటిని ఒంటిలో పట్టి ఉంచగలదన్నమాట. లీటరు నీరంటే తూకంలో ఒక కిలో!

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు దినానికి 5 గ్రాములకు లోపుగా ఉప్పు చాలునంటున్నది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఉప్పు వేసిన మజ్జిగ కలిసిన తెలుగు భోజనం ఆ హద్దును సులువుగా దాటుతుంది. దానికి సూరత్ వీధులలోని గాఠియా, సేవ్ తోడైతే చెప్పనక్కరలేదు. బరువు తగ్గాలనుకొనేవారు నీటి చెంబును పక్కన పెట్టడానికి బదులు, పచ్చడి జాడీని కొంచెం దూరంగా పెట్టడం మేలు.

దాహాన్ని చంపుకొంటే ఏమవుతుంది?

నీరు తాగడం తగ్గిస్తే బరువు తగ్గదా? తగ్గుతుంది, కొన్ని గంటలపాటు. మెదడు వెంటనే వాసోప్రెసిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. మూత్రపిండాలు నీటిని పొదుపు చేయడం మొదలుపెడతాయి. మూత్రం చిక్కబడి ముదురు రంగుకు తిరుగుతుంది. కొవ్వులో ఒక్క గ్రాము తేడా ఉండదు. తిరిగి దాహం తీర్చుకొనగానే పోయిన బరువు యథాస్థానానికి వస్తుంది. ఈ అలవాటు కొనసాగితే మూత్రపిండాలలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్ క్రీడలలో జరిగిన సంఘటన దేశమంతటికీ తెలిసినదే. 50 కిలోల తరగతిలో తూకం నెగ్గి, ఒక్క దినంలో మూడు కుస్తీలు గెలిచిన వినేశ్ ఫోగట్, ఆ సాయంత్రానికి హద్దుకు రెండు కిలోలకు పైగా ఎక్కువ బరువు తూగింది. తిన్న ఆహారం, తాగిన నీరు తెచ్చిన బరువది. రాత్రంతా చెమట పట్టించి, చివరకు జుట్టు కూడా కత్తిరించినా, మరునాడు 100 గ్రాములు మిగిలిపోయి, తుది పోటీకి అనర్హురాలయింది. నీటి బరువు ఎంత వేగంగా పెరుగుతుందో, శరీరం దానిని ఎంత గట్టిగా పట్టుకొంటుందో ఈ ఒక్క ఉదంతం చాటుతున్నది.

ఇంతకంటె విషాదకరమైనది 1997లో అమెరికాలో జరిగింది. ఆ ఏడాది నవంబరు, డిసెంబరు నెలలలో, దాదాపు నెల వ్యవధిలో, ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు బరువు తగ్గించుకొనే ప్రయత్నంలో మరణించారు. నీరు మానివేసి, గాలి చొరని దుస్తులు ధరించి, వేడి గదులలో వ్యాయామం చేయడమే వారి చావుకు కారణమయింది. ఆ తరువాత అక్కడి కళాశాల క్రీడల సంస్థ ఇటువంటి పద్ధతులను నిషేధించింది.

వేడి కర్మాగారంలో దాహమాపుకొని పనిచేసే కార్మికుని స్థితి వీరి స్థితికి ఎంతో దూరం కాదు. అటువంటి చోట గంటకు లీటరు చెమట పోవడం అసాధారణం కాదు. వేడిలో పనిచేసేవారు పదిహేను, ఇరవై నిమిషాలకొకసారి పావు లీటరు చొప్పున నీరు తాగుతుండాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. ఏ ఆహార నియమమూ దీనికి మినహాయింపు కాదు.

అతి కూడా తగదు

అలాగని గాలన్ల కొద్దీ తాగితే కొవ్వు కొట్టుకొనిపోదు. దినానికి ఎనిమిది గ్లాసులనే సూత్రానికి గట్టి శాస్త్రాధారం కనబడలేదని అమెరికన్ శరీరశాస్త్రజ్ఞుడు హైంజ్ వాల్టిన్ 2002లో వెల్లడించాడు. 1945లో అమెరికా ఆహార, పోషణ మండలి దినానికి రెండున్నర లీటర్ల నీరు అవసరమని చెబుతూ, అందులో అధికభాగం ఆహారంలోనే ఉంటుందని వెంటనే చేర్చింది. ఆ రెండవ వాక్యాన్ని లోకం మరిచింది. వండిన అన్నంలో మూడింట రెండు వంతులు నీరే. చారు, మజ్జిగ, సొరకాయ, దోసకాయల సంగతి వేరే చెప్పాలా?

అతిగా తాగితే రక్తంలో సోడియం పలుచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగు క్రీడాకారులలో 13 శాతం మందికి ఈ స్థితి కనబడింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలోనే ఇది ఎక్కువ. ముదిరితే మెదడు వాచి, మనిషి స్పృహ కోల్పోవచ్చును.

నీటివల్ల ప్రయోజనం లేకపోలేదు. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం వారు 2010లో ప్రకటించిన ఒక పరీక్షలో, మూడు పూటలా భోజనానికి ముందు అర లీటరు నీరు తాగినవారు 12 వారాలలో, తాగనివారికంటె సుమారు రెండు కిలోలు అధికంగా తగ్గారు. వారు 55 ఏండ్లు పైబడినవారు. అందరూ అల్పాహార నియమంలో ఉన్నవారే. ముందుగా నీరు పడిన కడుపులో అన్నానికి చోటు తగ్గుతుంది. తియ్యటి పానీయానికి బదులు నీరు తాగినా కాలరీలు మిగులుతాయి.

నీరు రోగమైనప్పుడు

నీరు తూకాన్ని ఎంతగా మోసగించగలదో మన దేశపు పసిబిడ్డల చరిత్రే చెబుతుంది. పోషకాహార లోపంవల్ల వచ్చే క్వాషియోర్కర్ వ్యాధిలో బిడ్డ కండ క్షీణించినా కాళ్లు, ముఖం ఉబ్బి, చూపులకు బొద్దుగా కనబడవచ్చు. కూనూరులో ప్రారంభమై, 1958లో హైదరాబాదుకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధమైన పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ప్రభృతులు ఈ వ్యాధిని గాఢంగా పరిశోధించారు. ఉబ్బుకు మూలమేమిటో వెదకిన శ్రీకంఠయ్య 1958లో ‘లాన్సెట్’ పత్రికలో తన పరిశోధనను ప్రకటించారు. చికిత్స ఫలించేటప్పుడు ఈ బిడ్డల బరువు మొదట తగ్గుతుంది. నీరు దిగిన తరువాతనే పెరగనారంభిస్తుంది. తూకం తగ్గడమే అక్కడ కోలుకొనడానికి గుర్తు!

పెద్దలలో సైతం కొన్ని లక్షణాలను ఉపేక్షించరాదు. కాలి ఎముక మీద వేలితో నొక్కితే గుంట పడి నిలవడం, ఉదయం కళ్లకింద ఉబ్బడం, పడుకొంటే ఆయాసం రావడం, రెండు మూడు దినాలలో రెండు కిలోలు పెరగడం వంటివి గుండె, మూత్రపిండాలు, కాలేయాల వ్యాధులకు సూచనలు కావచ్చును. వెంటనే వైద్యునికి చూపించాలి. ఇటువంటి రోగులు ఎంత నీరు తాగాలో నిర్ణయించవలసినది వైద్యుడే. నీరు దిగే మాత్రలను సన్నబడడానికి సొంతంగా వాడేవారు కొవ్వును కాక, నీటిని, పొటాసియాన్ని పోగొట్టుకొంటారు. పొటాసియం మరీ తగ్గితే గుండె లయ తప్పుతుంది.

ఆరోగ్యవంతులు పాటించవలసినవి కొద్ది విషయాలే. దాహమైనప్పుడు తాగాలి, వేడిలో పనిచేసేటప్పుడు దాహం కాకముందే తాగాలి. మూత్రం లేత పసుపు రంగులో ఉన్నదంటే నీరు సరిపడా అందుతున్నట్లే. ఉప్పు తగ్గించాలి. తూచుకొనేవారు ఒకే యంత్రం మీద, ఉదయం కాలకృత్యాలు తీర్చుకొన్నాక, ఏమీ తినకముందు తూచుకోవాలి. ఒక దినపు అంకెను మరునాటి అంకెతో పోల్చరాదు. ఒక వారపు సగటును నెల క్రిందటి వారపు సగటుతో పోల్చాలి. నడుముకు టేపు చుట్టి కొలవడం ఇంకా మంచిది. ముల్లు కదలని వారాలలో సైతం నడుము తరుగుతున్నదా, పడిన శ్రమకు ఫలితం దక్కుతున్నట్లే. నీరు నేడు కాకున్నా రేపు దిగుతుంది. అంతవరకు నియమాన్ని, నీళ్ల చెంబును విడువకుండా ఉండగలగాలి.