ఇల్లే పాఠశాల: జంషెడ్‌పూర్ ప్రాంతమున వైద్యవిద్యార్థుల గ్రామసేవ

జంషెడ్‌పూర్ పేరు వినగానే తెలుగువారికి ఉక్కు కర్మాగారము జ్ఞప్తికి వచ్చును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి మనవారెందరో ఉద్యోగార్థులై అచ్చటికి పోయి స్థిరపడిరి. 1907లో ఏర్పడిన టాటా ఇనుము ఉక్కు సంస్థ సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల సంగమమునకు సమీపమున, సాక్చీ అను గ్రామము వద్ద కర్మాగారమును నిర్మించెను. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరుమీదుగా జంషెడ్‌పూర్ అను నామము కలిగినది. అచ్చటి టాటా మెయిన్ ఆసుపత్రి 1908 నాటిది. 1961లో మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాలయు, 2020లో మణిపాల్ టాటా వైద్య కళాశాలయు ఏర్పడినవి. ఒక నగరమునకు ఇంతకన్న వైద్య సదుపాయము వేరే కావలెనా యని తోచును.

నగరము దాటి తూర్పు సింగ్‌భూమ్ జిల్లా పల్లెలలోనికి పోయినచో పరిస్థితి వేరుగా నుండును. పోట్‌కా, పటమ్‌దా, డుమరియా మొదలగు బ్లాకులలో సంతాలు, హో, భూమిజ్, ముండా జాతుల ప్రజలు వానమీద ఆధారపడిన సేద్యముతోను, అడవి ఫలసాయముతోను, కూలిపనులతోను జీవించుచున్నారు. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఝార్ఖండ్ రాష్ట్రములో 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 65 మంది రక్తహీనతతో నున్నారు. అంతకు ముందు 2015–16లో జరిగిన సర్వేలోను ఈ సంఖ్య రమారమి ఇంతే. ఇనుమునకు పుట్టినిల్లయిన సీమలో స్త్రీల రక్తమున ఇనుము కొరవడుట ఎంతయు విచారకరము.

ఇనుము మాత్రలను ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. అయినను రక్తహీనత తగ్గకపోవుటకు కారణమేమి? ఆసుపత్రి గదిలో కూర్చున్న వైద్యునకు ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. రోగి ఇంటికి పోయినవానికే దొరకును. కావుననే వైద్యవిద్యార్థిని తొలి సంవత్సరమునుండియే పల్లె ఇండ్లకు పంపవలెనను నియమము మన దేశమున ఏర్పడినది. సేవ చేయుచు నేర్చుకొనుట, నేర్చుకొనుచు సేవ చేయుట దీని ముఖ్యోద్దేశము.

ఈ ఆలోచన నేటిది కాదు

స్వాతంత్ర్యమునకు పూర్వమే, 1946లో, భోర్ కమిటీ తన నివేదికలో భావి వైద్యుడు సంఘమును ఎరిగినవాడై యుండవలెననియు, రోగము కుదుర్చుటతో తృప్తి పడక రోగము రాకుండ చూడవలెననియు సూచించెను. 1969లో మహారాష్ట్రలోని సేవాగ్రామమున డాక్టరు సుశీలా నయ్యర్ స్థాపించిన మహాత్మాగాంధీ వైద్య విజ్ఞాన సంస్థ ఈ సూచనను ఆచరణలో పెట్టెను. అచ్చట ప్రతి తరగతివారు ఒక గ్రామమును దత్తత చేసికొని, మొదటి సంవత్సరములోనే ఆ గ్రామమున శిబిరము వేసికొని నివసింతురు. ఒక్కొక్క విద్యార్థికి కొన్ని కుటుంబములు అప్పగింపబడును. శిబిరము ముగిసిన పిదపను విద్యార్థులు ఆ కుటుంబములను విడువక చూచుచుందురు.

1975లో శ్రీవాస్తవ కమిటీ వైద్యవిద్యను గ్రామముల వైపు మరల్చవలెనని మరల హెచ్చరించెను. దానిని అనుసరించి 1977లో ఒక్కొక్క వైద్య కళాశాలకు మూడేసి బ్లాకుల బాధ్యతను అప్పగించు పథకము ప్రారంభమైనది. కాని పెక్కు తావులలో అది ఆశించినంతగా సాగలేదు. గ్రామమునకు బండి పోయినది, వైద్యులు పోయిరి, మందులు ఇచ్చిరి. అయినను ఫలానా విద్యార్థికి ఫలానా కుటుంబమను బంధము ఏర్పడలేదు. బంధము లేనిచోట బాధ్యత నిలువదు.

కుటుంబ దత్తత

ఈ అనుభవములను దృష్టియందుంచుకొని జాతీయ వైద్య కమిషన్ 2021–22లో చేరిన విద్యార్థులతో మొదలుపెట్టి కుటుంబ దత్తత కార్యక్రమమును ప్రవేశపెట్టెను. దేశమందలి ఇతర కళాశాలలకు వలెనే జంషెడ్‌పూర్‌లోని రెండు కళాశాలలకును ఇది వర్తించును. ప్రతి విద్యార్థియు కనీసము 3 కుటుంబములను, వీలైనచో 5 కుటుంబములను స్వీకరింపవలెను. మొదటి సంవత్సరమున 27 గంటలు, రెండవ సంవత్సరమున 30 గంటలు, మూడవ సంవత్సరమున 21 గంటలు, మొత్తము 78 గంటలు ఇందులకు కేటాయింపబడినవి. నూరుగురు విద్యార్థులు గల ఒక తరగతి కనీసము 300 కుటుంబముల మేలు కోరవలసి యుండును.

తొలి సందర్శనములలో విద్యార్థి ఇంటివారి పేర్లు, వయస్సులు, వృత్తులు, త్రాగునీటి వసతి, వంటచెరకు, మరుగుదొడ్డి మొదలగు వివరములను వ్రాసికొనును. ఉపాధ్యాయుని పర్యవేక్షణలో ఎత్తు, బరువు, రక్తపోటు కొలుచును. రక్తములో హిమోగ్లోబిన్, చక్కెర పరీక్షింపబడును. పిల్లలకు టీకాలు పడినవో లేదో చూచును. తరువాతి సంవత్సరములలో మరల అవే ఇండ్లకు పోయి, మార్పు కలిగినదా, కలుగనిచో ఏల కలుగలేదని విచారించును.

ఇంటిలో దొరకు పాఠము

రక్తహీనతనే తీసికొందము. పుస్తకములో దాని చికిత్స ఒక పుటలో ముగియును. ఇంటికి పోయిన విద్యార్థికి అది నాలుగు విధములుగా కనబడవచ్చును. ఒక ఇంట మాత్రలు ఇచ్చిన పొట్లము ఇచ్చినట్లే చూరులో నుండును. మాత్ర వేసికొనిన తరువాత మలము నల్లబడినదనియు, వికారము కలిగినదనియు భయపడి ఆ ఇల్లాలు మానివేసి యుండును. మలము నల్లబడుట హాని కాదనియు, భోజనానంతరము వేసికొనిన వికారము తగ్గుననియు, మాత్రతోపాటు టీ త్రాగరాదనియు, ఉసిరి, నిమ్మవంటివి మేలు చేయుననియు ఆమెకు ఎవరును చెప్పియుండరు. రెండవ ఇంట మాత్రలు సక్రమముగానే వాడుచుందురు గాని, చెప్పులు లేక తడినేలపై నడచుటవలన కొంకిపురుగులు కడుపులో చేరి రక్తమును పీల్చుచుండును. మూడవ ఇంట మలేరియా జ్వరము మాటిమాటికి వచ్చుచుండును. దోమతెర యున్నను అది మడతపెట్టియే యుండును. నాలుగవ ఇంట పుట్టుకతో వచ్చిన సికిల్ సెల్ వ్యాధి కారణము కావచ్చును. గిరిజన ప్రాంతములలో కనబడు ఈ వ్యాధిని 2047 నాటికి నిర్మూలింపవలెనను లక్ష్యముతో 2023 జూలై 1వ తేదీన జాతీయ ఉద్యమము ప్రారంభమైనది.

నాలుగిండ్లలోను వ్యాధి పేరు ఒక్కటే, చేయవలసిన పని మాత్రము నాలుగు విధములు. ఈ తేడాను కన్నులార చూచిన విద్యార్థి వైద్యుడైన పిమ్మట చీటీ వ్రాసి ఊరకుండడు; ఆ చీటీ ఇంటికి పోయిన తరువాత ఏమగునో ఆలోచించును.

భాషయు ఒక పాఠమే. సంతాలీ గాని హో గాని మాటలాడు ముదుసలి తన బాధను హిందీలో చెప్పజాలదు. "జోహార్" అని ఆ ప్రాంతపు మర్యాదతో పలుకరించి, నొప్పి, జ్వరము, నీరు, నిద్ర అను పది మాటలను ఆమె భాషలో నేర్చుకొనిన విద్యార్థికి ఆ ఇంటి తలుపు తెరచుకొనును. పరదేశమున వైద్యునకు తమ బాధ తెలుపలేక అవస్థపడిన తెలుగువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

పొరుగు జిల్లాల సాక్ష్యము

ప్రజలతో కూర్చుండి మాటలాడుటవలన ప్రాణములు నిలుచునా యని కొందరు సందేహింతురు. దీనికి సమాధానము జంషెడ్‌పూర్ పొరుగుననే లభించినది. పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా-ఖర్సావాఁ జిల్లాలలోను, ఒడిశాలోని కేందుఝర్ జిల్లాలోను ఏక్‌జుట్ అను సేవాసంస్థ 2005 మొదలు 2008 వరకు ఒక ప్రయోగము జరిపెను. గ్రామస్త్రీలు నెలకొకసారి కూడి, పురిటి సమయమున వచ్చు కష్టములను తామే చర్చించి, ఉపాయములను తామే నిర్ణయించుకొనిరి. వారిని సమావేశపరచినది స్థానిక స్త్రీయే. ఇట్టి సంఘములు గల గ్రామములలో నవజాత శిశుమరణములు లేనిచోట్లకన్న నూటికి 32 వంతులు తగ్గినవి. ఈ ఫలితములు 2010లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటింపబడినవి.

అది వైద్యవిద్యార్థులు చేసిన పని కాదు. అయినను వారు గ్రహింపదగిన నీతి అందున్నది. పల్లెవారికి బోధించుటకు పూర్వము వారు చెప్పునది వినవలెను. పరిష్కారమును నిలుపువారు ఆ ఊరివారే గాని వచ్చి పోవు మనము కాము.

సేవయా, సందర్శనమా?

ఈ కార్యక్రమమున ఒక ప్రమాదము కలదు. ఏటేట క్రొత్త విద్యార్థులు వచ్చి, అవే ప్రశ్నలు అడిగి, రక్తపోటు కొలిచి, పుస్తకములో వ్రాసికొని పోవుచుండినచో విద్యార్థికి మార్కులు వచ్చును. ఇంటివారికి విసుగు మిగులును. కూలి మానుకొని ఇంట నిలిచినవానికి ఆ దినపు వేతనము పోవును. రక్తపోటు హెచ్చుగా నున్నదని చెప్పి, తరువాత ఏమి చేయవలెనో చెప్పకపోయినచో అతనికి భయము తప్ప వేరు లాభము లేదు. అట్టి సందర్శనము సేవ యనిపించుకొనదు. అది ఆ కుటుంబమునకు మనము పడిన బాకీ.

కావున ఇంటిలో కనుగొనిన ప్రతి లోపమును ఎవరో ఒకరికి అప్పగించియే విద్యార్థి మరలవలెను. ఆశా కార్యకర్తను ఝార్ఖండ్‌లో సహియా యందురు. సహియాకు, ఉపకేంద్రపు నర్సుకు ఆ విషయము తెలిపి, మరుసటి పర్యాయము పోయినప్పుడు మొదటి ప్రశ్నగా దానినే అడుగవలెను. విద్యార్థి ఎన్ని ఇండ్లు తిరిగెననునది కాక, చూచిన లోపములలో ఎన్ని తీరినవనునది ఉపాధ్యాయులు లెక్కింపవలెను. మూడు సంవత్సరములు గడచి విద్యార్థి సెలవు తీసికొనునప్పుడు తన కుటుంబములను తరువాతి వానికి స్వయముగా పరిచయము చేయుట ధర్మము.

గృహస్థులు తెలిసికొనవలసినవి

మీ ఇంటికి వైద్యవిద్యార్థులు వచ్చినచో ఈ క్రింది విషయములను గుర్తుంచుకొనుడు. ఇవి ఝార్ఖండ్‌లోనే కాక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోను వర్తించును.

1. వారు ఏ కళాశాలవారో, వారి ఉపాధ్యాయుడెవరో అడిగి తెలిసికొనుడు. ఇష్టము లేనిచో పరీక్షకు గాని, ఫోటోకు గాని అంగీకరింపనక్కరలేదు.

2. విద్యార్థి ఇంకను వైద్యుడు కాడు. అతని మాటపై మాత్రమే మందులు మొదలుపెట్టుట గాని మానుట గాని కూడదు.

3. ఇంటనున్న మందులను, తల్లీబిడ్డల కార్డును చూపి వివరముగా చెప్పుమని అడుగుడు. పరీక్షల ఫలితములను కాగితముపై వ్రాయించుకొనుడు.

4. క్షయ, గర్భము, సికిల్ సెల్ వంటి విషయములను పొరుగువారి ముందు మాటలాడవలదని చెప్పుటకు మీకు హక్కు కలదు.

5. పాముకాటు, పురిటి రక్తస్రావము, పిల్లలకు మూర్ఛ వంటి ఆపదలలో ఎవరి రాకకును వేచియుండక 108కి ఫోను చేయుడు. పాము కరచినచోట కోయుట, బిగించి కట్టుట హానికరము. అవయవమును కదల్పక, విషమునకు విరుగుడు మందు గల ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను.

వైద్యుని తయారు చేయుటకు ప్రజలు తమ ధనమునే కాక తమ ఇండ్లను, తమ కాలమును, తమ దేహములను ఇచ్చుచున్నారు. దల్మా కొండల ఛాయలోని పల్లె ఇల్లాలు తన పని ఆపుకొని విద్యార్థి ప్రశ్నలకు సమాధానము చెప్పునప్పుడు ఆమెయు ఒక ఉపాధ్యాయినియే. ఆమె రక్తహీనత తీరిన దినముననే ఆ విద్యార్థి ఆ పాఠమున ఉత్తీర్ణుడైనట్లు.