పరదేశపు బేరము – పల్లెటూరి కూలి



“మన రొయ్యలను అమెరికావారు కొన్న నేమి, కొనకున్న నేమి? లాభము ఎగుమతి వర్తకునిదే గదా!” అను మాట రచ్చబండల కడ వినబడుచుండును. ఈ మాటలో నిజము లేకపోలేదు గాని అది సగము నిజము. ఎగుమతి ధనము ఒక రాష్ట్రములో ఏయే కాలువల వెంట పాఱునో, ఆ కాలువకు ఎక్కడనో సముద్రముల కావల అడ్డుకట్ట పడినచో ఇక్కడ ఎవరి పొయ్యి చల్లారునో, ఆంధ్రప్రదేశ్ కోస్తా రొయ్యల వ్యాపారమును తీసికొని మనవి చేసెదను.

మన దేశమున రొయ్యలను అన్నిటికంటె మిక్కిలిగా పెంచు రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. 2023–24 సంవత్సరమున భారతదేశమునుండి ఎగుమతియైన మత్స్యసంపద విలువ 60,523 కోట్ల రూపాయలు. అందులో మంచుగడ్డవలె గట్టిపఱచిన రొయ్యల వంతే సుమారు 40,000 కోట్లు. ఆ యేట విదేశములకు పోయిన 7,16,000 టన్నుల రొయ్యలలో 2,97,000 టన్నులకు పైగా ఒక్క అమెరికా సంయుక్త రాష్ట్రములే కొనినవి. ఈ కడపటి అంకెను జ్ఞాపకముంచుకొనుడు. దానితో మరల పనిబడును.

ఇప్పుడు చెఱువులలో పెరుగుచున్నది ముఖ్యముగా వనామీ రొయ్య. ఇది మన సముద్రపు జాతి కాదు. పసిఫిక్ మహాసముద్రమున అమెరికా ఖండపు పడమటి తీరమున పుట్టినది. 1994–95 ప్రాంతమున తెల్లమచ్చ తెగులు మన టైగరు రొయ్యను తుడిచిపెట్టి, ఎందఱో రైతులను అప్పులపాలు చేసినది. పిమ్మట 2009లో ప్రభుత్వము వనామీకి అనుమతి నిచ్చెను. తల్లిరొయ్యలు విదేశములనుండి విమానమెక్కి చెన్నై చేరి, అచ్చట తెగులు లేదని తేలిన తరువాతనే హేచరీలకు పోవును. చూడుడు, ఎగుమతికి మొదటి మెట్టే దిగుమతి!

ఆ పిల్ల చెఱువున బడి మూడు నాలుగు మాసములు పెరుగులోపల ఎన్ని చేతులకు పని కలుగుచున్నదో లెక్కింపుడు. మేతలో కలియు సోయా పిండి మధ్యప్రదేశ్, మహారాష్ట్ర రైతుల పొలములనుండి వచ్చును. నీటిని చిలుకు ఏరియేటరు చక్రములకు కరెంటు మేస్త్రి కావలెను. రాత్రి గట్టుమీద కాపలావాడు కావలెను. కరెంటు పోయిన గంటలోనే ఇంజను వేయకున్నచో, ఊపిరాడక తెల్లవాఱునప్పటికి చెఱువంతయు తేలిపోవచ్చును. పట్టుబడినాడు వలవారు, ఐసు ఫ్యాక్టరీవారు, లారీవారు వత్తురు. అటుపిమ్మట షెడ్డు. అచ్చట వందలకొలది స్త్రీలు చలిలో నిలువబడి తలలు త్రుంచి, పొట్టు తీసి, పరిమాణమునుబట్టి వేఱుచేయుదురు. వీరిలో పెక్కుమందికి సెంటు భూమి లేదు. వీరు తెచ్చుకొన్న కూలి కిరాణా కొట్టునకు, దర్జీకి, పిల్లల బడికి చేరును. ఒక్క రూపాయి ఇట్లు ఊరిలో నాలుగు చేతులు మారును.

సర్కారునకు ఏమి లాభమని కొంద ఱడుగుదురు. ఎగుమతి సరకుమీద సర్కారు పన్ను ఉంచుకొనదు. ఉంచుకొన్నచో సరకు ప్రియమై పరదేశమున అమ్ముడుపోదు. రాష్ట్రమునకు రాబడి వచ్చునది లారీవాడు పోయించుకొన్న డీజిలునుండి, కూలివాని భార్య కొన్న చీరనుండి. దేశమునకు వచ్చిన డాలర్లతో మనకు చాలని ముడినూనెను, వంటనూనెను కొనుచున్నాము.

ఇక కష్టము వినుడు. రొయ్యకు ధర కౌంటునుబట్టి. అనగా కిలోకు ఎన్ని తూగునో ఆ లెక్క. 100 కౌంటు చిన్నది, 30 కౌంటు పెద్దది. ఆ ధరను చెఱువు గట్టుమీద దళారి చెప్పుచున్నట్లు కనబడును గాని, అది నిర్ణయమగునది పరదేశపు బజారులో. 2025 ఆగస్టు 7న అమెరికా మన సరకులపై నూటికి 25 వంతుల అదనపు సుంకము విధించెను. అదే నెల 27న మఱియొక 25 చేర్చెను. అనగా 100 రూపాయల సరకు దింపుకొన్న అచ్చటి వర్తకుడు అప్పుడు తన రేవులో 50 రూపాయలు కట్టవలసి వచ్చెను. రొయ్యలపై పూర్వమునుండి యున్న సుంకములు వేఱు. అప్పుడు ఈక్వెడార్ రొయ్యపై విధించిన క్రొత్త సుంకము 15 వంతులే. వర్తకుడు ఎవరి రొయ్య కొనును? ఆ సుంకపు భారము వెనుకకు జరిగి జరిగి గట్టుమీది రైతు నెత్తిన పడెను. కౌంటు ధరలు దిగినవి. క్రొత్తగా పిల్ల వేయుటకు కొందఱు రైతులు జంకిరి. రాష్ట్ర ప్రభుత్వము కేంద్రమును సాయమర్థించెను. రైతు పిల్ల వేయకున్నచో షెడ్డులోని స్త్రీకి ఆ మాసమున పని దినములు తగ్గును. ఆమెకు అప్పు పుట్టు పరపతి సయితము లేదు.

మన తీరమున కిది క్రొత్తయు గాదు. మచిలీపట్టణపు రేవునుండి అద్దకపు బట్టలు ఓడలకెక్కిన కాలమున, 1700లో ఇంగ్లండు పార్లమెంటు తమ నేతగాండ్రను కాపాడుకొనుటకై తూర్పుదేశపు అచ్చుబట్టల వాడుకను నిషేధించినది. కొనువాడు ఎల్లప్పుడును తన ఇల్లు చూచుకొనును. అందులకు వానిని తిట్టి ప్రయోజనము లేదు. ఒక్కనినే నమ్ముకొనుట మన తప్పు.

పలువురు కొనవలెనన్న సరకు శుద్ధముగా నుండవలెను. ఐరోపా, జపాను దేశములు కంటైనరులోని రొయ్యను పరీక్షించి, నిషిద్ధమైన మందు జాడ దొరకిన త్రిప్పి పంపుదురు. తెగులు భయముచే ఒక రైతు రహస్యముగా మందు వేసినచో, వాని సరకుతో కలిసిన పదిమంది సరకునకు మచ్చ వచ్చును. మఱియు మన దేశమునందే రొయ్య తినువారు తక్కువ. తీరము విడిచి నూఱు మైళ్లు పోయిన, మంచి రొయ్య దొరకుట కష్టము. ఈ అంగడిని మన మింతవఱకు సరిగా తెఱచి చూడలేదు.

ఇంకొక లెక్క కలదు, దానిని ఎగుమతి పట్టీలలో వ్రాయరు. ఉప్పునీటి చెఱువు ప్రక్కన వరిచేను గల రైతును, ఉప్పెక్కిన మంచినీటి బావిగల ఊరిని అడిగిన చెప్పుదురు. 1996లో సుప్రీముకోర్టు ఈ విషయమై కఠినమైన తీర్పు నిచ్చినది. 2005లో తీరప్రాంత జలచర పెంపకమునకు ప్రత్యేక చట్టము వచ్చినది. ఆ చట్టము క్రిందికి వచ్చు చెఱువు రిజిస్టరు కావలెను. మీ ఊరిలో గట్టు వేయబూనువాడు వచ్చినప్పుడు మొదట ఆ కాగితము చూపుమనుడు; మురుగునీరు ఏ కాలువలోనికి వదలునో చేనిగట్టున నిలిపి అడుగుడు; పిమ్మట కౌలు మాట మాటాడుడు.