కంటిపాప మూతపడకముందు

గెలాక్సీ యనగా నక్షత్రముల మహాసమూహమని విద్యార్థు లెఱుగుదురు. వందలకొలది గెలాక్సీలు ఒకచోట కూడియున్న పెర్సియస్ సముదాయమును ఎక్స్-కిరణ దూరదర్శినితో చూచినచో మరియొక సంగతి బయటపడును. మనకు దాదాపు 24 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్న ఆ సముదాయములో, గెలాక్సీల నడుమ శూన్యమని తలచెడి తావంతయు కోట్ల డిగ్రీల వేడిమిగల పలుచని వాయువుతో నిండియున్నది. అచటి నక్షత్రము లన్నిటికంటె ఆ వాయువు ద్రవ్యరాశియే అనేక రెట్లు అధికము. అంతటి వేడిమిగల వాయువు ముఖ్యముగా ఎక్స్-కిరణములనే వెదజల్లును గనుక మామూలు దూరదర్శినికి కానరాదు. ఆ కిరణములను మన వాయుమండలము పీల్చివేయును. వానిని పట్టుటకు ఉపగ్రహము కావలెను. అద్దమునకు ఎదురుగా వచ్చిన ఎక్స్-కిరణము అందులోనికి చొచ్చుకొనిపోవును. చెరువులో బల్లపరుపుగా విసరిన పెంకు నీటిపై ఎగిరినట్లు, ఒరసికొనుచు తగిలినపుడే అది మరలును.

వేడిని వెదజల్లు వస్తువు చల్లారవలెను గదా. పెర్సియస్ నడుమనున్న వాయువు మాత్రము చల్లారవలసినంతగా చల్లారుట లేదు. ఏల? నడిమి గెలాక్సీ యందలి కృష్ణబిలము ఆ వాయువులో పెనుబుడగల నూదుచున్నదని, 1999లో ఎగిరి సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు దాల్చిన 'చంద్ర' ఉపగ్రహము స్పష్టముగా చూపెను. ఆ కలతయే వేడిని నిలుపుచున్నదా? వాయువు వేగము తెలిసినగాని చెప్పలేము. ఛాయాచిత్రము ఆకారమును చెప్పునే గాని వేగమును చెప్పదు.

వేగము కొలుచు పరికరమును పైకి పంపుటకు జపాను శాస్త్రజ్ఞులు అమెరికావారి తోడ్పాటుతో పడిన పాటు సామాన్యము కాదు. 2000లో రాకెట్టు విఫలమై మొదటి ఉపగ్రహము నశించెను. 2005లో రెండవది కక్ష్యను చేరెను గాని, పరికరమును చల్లబరచు ద్రవ హీలియము కొలది వారములలోనే హరించిపోయెను. 2016 ఫిబ్రవరి 17న మూడవది లేచెను. దాని పేరు హితోమి. జపాను భాషలో కంటిపాప యని అర్థము. పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో ఇరువదవ వంతు మాత్రమే ఎగువనుంచిన దాని పరికరము, ఒక్కొక్క ఎక్స్-కిరణ కణము తగిలినపుడు పుట్టు రవంత వేడిని సైతము కొలువగలదు. పెర్సియస్ వాయువులోని ఇనుము వెలువరించు వర్ణరేఖల వెడల్పును బట్టి, కల్లోల వేగము సెకనుకు సుమారు 164 కిలోమీటర్లని తేలెను. పలువురు ఊహించినదానికంటె ఇది ప్రశాంతము. ఇంత నెమ్మదియైన వాయువులో కేంద్రపు వేడిమి దూరమునకు ఎట్లు చేరుచున్నదన్న ప్రశ్న దానితోనే పుట్టెను.

మార్చి 26న ఉపగ్రహము తాను తిరుగుచున్నానని తప్పుగా లెక్కించి, లేని భ్రమణము నాపబోయి, నిజముగానే తిరుగసాగెను. సరిదిద్దుటకై ముందుగా పంపియుంచిన సంఖ్యలు తప్పగుటచే ఆ తిరుగుడు మరింత హెచ్చెను, సౌరఫలకములు విరిగిపోయెను. లెక్క మరల సరిచూచుకొమ్మని బాలురకు చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె ఖరీదైన ఉదాహరణము దొరకదు. ఏప్రిల్ 28న జపానువారు ఆశ వదలుకొనిరి.

పరికరమును మాత్రము వదలలేదు. అట్టిదానినే మరల నిర్మించి 2023 సెప్టెంబరులో 'క్రిజమ్' ఉపగ్రహముతో పంపిరి. సెంటారస్ సముదాయపు నడిమి వాయువు పళ్ళెములోని నీటివలె అటునిటు తొణకుచున్నదని అది కొలిచిన వేగములు 2025లో వెల్లడియైనవి.