సముద్రం పక్కన మన వంటిల్లు

"సెలవులకు ఎక్కడికైనా వెళ్దామా?" అని ఇంట్లో ఎవరైనా అనగానే గృహిణి మనసులో మొదట మెదిలేది ఊరి పేరు కాదు. "అక్కడ తిండి సంగతేమిటి?" అన్న ప్రశ్న. పిల్లాడికి కారం పడదు. ఆయనకు హోటల్ నూనె పడదు. అత్తగారికి షుగరు, తీపి పడదు. ఇన్ని 'పడదు'ల మధ్య చివరికి ప్రయాణమే పడకేస్తుంది. నిజమే కదూ!

మా ఇంట్లో అలా పడకేసిన ప్రయాణం ఒకటి ఉండేది. మాది నారాయణపేట. సముద్రమే లేని తెలంగాణలో, అందులోనూ కర్ణాటక సరిహద్దున ఉన్న ఊరు. మా అత్తమ్మ నలభై ఏళ్లు మగ్గం మీద చీరలు నేసిన మనిషి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు తీసుకువెళితే, మునిగి లేచి అడిగింది: "ఈ నీళ్లన్నీ యాడికి పోతయ్ బిడ్డా?"

"సముద్రంలోకి అత్తమ్మా."

"నేనెన్నడు చూడలే సముద్రం" అంది. అడగనూ లేదు, అలగనూ లేదు. ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది.

కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేది మా జిల్లాలోని తంగిడి దగ్గరే. అక్కడినుంచి ఎన్నో ఊళ్లు దాటుకుంటూ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. నది పోయినంత దూరం మనం పోలేమా అనుకుంటూనే ఏళ్లు గడిచాయి. అడ్డం పడింది డబ్బొక్కటే కాదు. అత్తమ్మకు రెండు పూటలా జొన్నరొట్టె ఉండాలి. హోటల్లో ఇడ్లీ తిని రోజంతా ఉండమంటే ఆమె వల్ల కాదు. చివరికి దారి చూపించింది మా ఆడపడుచు. "గది ఎందుకు వదినా, ఇల్లే తీసుకోండి. పొయ్యి కూడా ఉంటది" అంది.

సత్రం నుంచి సెలవు ఇంటి దాకా

ఆలోచిస్తే ఈ పద్ధతి మనకు కొత్తేం కాదు. మన పెద్దలు యాత్రలకు వెళ్తే బియ్యం, పప్పు, గిన్నెలు మూటగట్టుకుని వెళ్లేవారు. సత్రం వెనక మూడురాళ్ల పొయ్యి పెట్టి అక్కడే వండుకునేవారు. ఇప్పుడు మూడురాళ్ల చోట గ్యాసు పొయ్యి వచ్చింది, అంతే తేడా.

విదేశాల్లో కుటుంబాలకు ఇది బాగా అలవాటైన సెలవు. బ్రిటన్‌లోని వేల్స్‌ సంగతే చూడండి. సముద్రతీర పల్లెల్లో ఇళ్లను వారం లెక్కన అద్దెకిస్తారు. గిన్నెలు, కంచాలు, పొయ్యి, చంటిపిల్లల మంచంతో సహా అన్నీ ఉంటాయి. సరుకులు తెచ్చుకుని తామే వండుకుంటారు. అక్కడ తీరం పొడవునా సుమారు 1,400 కిలోమీటర్ల కాలిబాటను 2012లో ప్రారంభించారు. పగలంతా నడిచి, సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి వెలిగించుకుంటారన్నమాట.

మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలో సూర్యలంక ఉంది. చీరాల దగ్గర వాడరేవు, రామాపురం ఉన్నాయి. విశాఖ దగ్గర భీమిలి ఉంది. సూర్యలంకలో పర్యాటక శాఖ వారి హరిత రిసార్టులో గదులు దొరుకుతాయి. వంటిల్లుతో ఇల్లు కావాలంటే మాత్రం ప్రైవేటు వారినే వాకబు చేసుకోవాలి. మేం వాడరేవు వైపు రెండు గదుల ఇల్లొకటి మాట్లాడుకున్నాం. ఇక్కడినుంచి హైదరాబాదుకు బస్సు. అక్కడినుంచి తెనాలి, బాపట్ల మీదుగా చెన్నై వైపు వెళ్లే రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చీరాల.

మొదటిరోజు నేను చూసిన సముద్రం

ఇల్లు బాగుంది. గాలి బాగుంది. అందరూ సంచులు పడేసి సముద్రానికి పరిగెత్తారు. నేను? పాలు కాచాను. ఉప్మా చేశాను. గిన్నెలు కడిగాను. పప్పు నానేశాను. అత్తమ్మ మోకాళ్లకు నూనె వెచ్చబెట్టాను. రొట్టెలు చేసి, అందరికీ వడ్డించి, మళ్లీ గిన్నెలు కడిగి తల ఎత్తేసరికి సాయంత్రం నాలుగు. ఆరోజు నేను చూసిన సముద్రమంతా వంటింటి కిటికీలోంచి కనిపించిన నీలంగీత.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. తడిబట్టలతో వచ్చి, "అమ్మా, నువ్వు నారాయణపేటలోనే ఉన్నట్టున్నావ్" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. వంటిల్లున్న ఇల్లు తీసుకుంటే ఇంటిల్లిపాదికీ సెలవనుకున్నాను. నా ఉద్యోగాన్ని మాత్రం రైలెక్కించి వెంట తెచ్చుకున్నానని అప్పుడు తెలిసింది.

రాత్రి నలుగురినీ కూర్చోబెట్టి కాగితం మీద రాశాను. పొద్దున టీ, టిఫిను మా ఆయన. కూరగాయలు తరగడం అమ్మాయి. గిన్నెలు అబ్బాయి. నాకు మధ్యాహ్నం వంట ఒక్కటే. రాత్రికి పొద్దుటి అన్నం, ఇంటినుంచి తెచ్చిన తొక్కు, పెరుగు.

అత్తమ్మకు నచ్చలేదు. "మొగోడు పొయ్యికాడ నిలబడుడేంది? నాతోని అయితది, నేను జేస్త తియ్" అంది. మా ఆయన నావైపు చూశారు. నేనేం మాట్లాడలేదు. ఎందుకంటే, నేను నోరు తెరిస్తే అది అత్తాకోడళ్ల గొడవవుతుంది. ఆయనే చెప్పాలి. కాసేపాగి, "అమ్మా, నువ్వు మగ్గం మీదుంటే నాయిన నూలు సుట్టలేదా? ఇదీ అట్లనే" అన్నారు. అత్తమ్మ కొద్దిసేపు ఊరుకుని, "ఉప్పు సూసి వెయ్ మరి" అంది.

మర్నాడు పొద్దున ఆ ఉప్మాలో ఉప్పు ఎక్కువైంది. నేను తినలేదు లెండి... అప్పటికే అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఇసుకలో నడుస్తున్నాను. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నీళ్లలో నిలబడింది. అల వచ్చి మోకాళ్ల దాకా తడిపింది. దోసిట్లోకి తీసుకుని నాలుకకు అద్దుకుంది.

"మన కృష్ణ నీళ్లేనా? ఇంత ఉప్పగైనయేంది?"

"సముద్రం నీళ్లంతే అత్తమ్మా."

"కాదులే. అంత దూరం నడిచొస్తే చెమట పట్టదా?" అని నవ్వింది.

మీరూ వెళ్లాలనుకుంటే...

* అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. దసరా కంటే సంక్రాంతి సెలవులు మేలు.

* ఇల్లు మాట్లాడుకునే ముందే అడగండి: గ్యాసు ఉందా, ఎన్ని గిన్నెలున్నాయి, కుక్కరుందా, కరెంటు పోతే ఏమిటి, మెట్లున్నాయా, బాత్రూం ఎలాంటిది. అడ్వాన్సు ఇచ్చేముందు షరతులు ఫోనులో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

* తీరంలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. తాగడానికి, వండడానికి నీళ్ల క్యాన్లు తెప్పించుకోవాలి.

* పెనం, మంచి కత్తి, గిన్నెలు తోమే పీచు, అగ్గిపెట్టె మీవే తీసుకెళ్లండి. జొన్నపిండి, పల్లికారం, మందుల సంచి మరవద్దు.

* పొయ్యి వెలిగించే ముందు గ్యాసు పైపు, రెగ్యులేటరు చూసుకోండి. పడుకునే ముందు సిలిండరు కట్టేయండి.

* అన్నిటికంటే ముఖ్యం సముద్రం. పిల్లలు చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటే ఒక్కోసారి నీరు లోపలికి లాగేస్తుంది. అలా లాగితే ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. స్థానిక మత్స్యకారులు దిగొద్దన్న చోట దిగకండి. ఆపదలో 112కు ఫోను చేయండి.

* వీటన్నిటితో పాటు పనుల కాగితం. అది ఇంట్లోనే, బయల్దేరక ముందే రాసుకోండి. నాలాగా ఒకరోజు పోగొట్టుకోవద్దు.

తిరిగొచ్చాక ఆ కాగితం ఏమైందంటారా? అబద్ధం ఎందుకు, గిన్నెలు మళ్లీ నా వంతుకే వచ్చాయి. కానీ ఆదివారం పొద్దున టీ మాత్రం మా ఆయనదే. మొన్నొక ఆదివారం ఆయన బద్ధకించి పడుకుంటే మంచం మీదినుంచి అత్తమ్మ కేకేసింది: "ఏందిరా, ఇయ్యాల చాయ లేదా?"

సముద్రం నుంచి మేం తెచ్చుకున్న గవ్వలు అలమరలో ఉన్నాయి. నాకు మాత్రం ఆ కేకే ఎక్కువ అపురూపం. ఏమంటారు?