పాంచాలంకురిచ్చికి పరుగెత్తే జ్యోతి

మధురై దాటి దక్షిణంగా వెళ్తే విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరసగా వస్తాయి. నల్లరేగడి చేలు, తుమ్మచెట్లు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు. మే నెల ఎండల్లో ఈ సీమ దారుల వెంట కాగడాలు పట్టుకుని కుర్రాళ్లు పరుగెత్తుతారు. ఒకరికి ఆయాసం వస్తే ఇంకొకరు అందుకుంటారు, జ్యోతి మాత్రం ఆగదు. అది చేరాల్సింది పాంచాలంకురిచ్చిలోని వీర జక్కదేవి గుడికి.

ఈ జక్కదేవే జక్కమ్మ, పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్ ఇలవేల్పు. ఆయన తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్ల బిడ్డ. మనలో చాలామందికి శివాజీ గణేశన్ సినిమా 'వీరపాండ్య కట్టబ్రహ్మన'గానే తెలుసు. అంతటితో సరిపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

కోవిల్‌పట్టికి దక్షిణాన, అదే రాదారి మీద కయత్తారు ఉంది. 1799 అక్టోబర్ 16న ఈస్టిండియా కంపెనీ అధికారి మేజర్ బ్యానర్‌మన్ చుట్టుపక్కల పాలెగాళ్లను పిలిపించి, వాళ్ల కళ్లెదుటే, కంపెనీకి ఎదురు తిరిగిన కట్టబొమ్మన్‌ను ఉరి తీయించాడు. వాళ్లు బెదిరిపోవాలనే ఆ పని. తమ్ముడు ఊమైదురై బెదరలేదు. 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెర నుంచి తప్పించుకొచ్చి, పాంచాలంకురిచ్చిలో కూలిన కోటను మళ్లీ లేపాడు. ఆ మే నెలలో కంపెనీ సేన దాన్ని పట్టుకుని నేలమట్టం చేసింది. ఇప్పుడక్కడ కనిపించే కోట 1974లో తమిళనాడు ప్రభుత్వం కట్టించిన స్మారకం.

జక్కదేవి తిరునాళ్ల రోజుల్లో పోలీసు బందోబస్తు, నిషేధాజ్ఞలు మామూలే. కులాల మధ్య ఉద్రిక్తతలంటే ఈ సీమకు భయం. కానీ కట్టబొమ్మన్ పక్షాన ప్రాణాలిచ్చిన సుందరలింగం, వెల్లయదేవన్ ఆయన కులస్థులు కారు. ఈ జ్యోతి వాళ్లకూ చెందుతుంది.

రాజకంబళ నాయకర్ల దేవరాట్టం నృత్యం చూసి తీరాలి. రెండు చేతుల్లో రుమాళ్లు, కాళ్లకు గజ్జెలు. పాట ఉండదు. దేవదుందుభి దరువు మారినప్పుడల్లా వరస మొత్తం ఒక్కసారిగా వంగి, తిరిగి, లేస్తుంది.

ఈ సీమ తెలుగువాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, రాసేది తమిళంలో. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ కూడా అంతే. తెలుగు నేల విడిచి వలస వచ్చిన తనవాళ్ల కథను తమిళంలో 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు. తిరునాళ్లకు వెళ్లదలచినవాళ్లు రైల్లో కోవిల్‌పట్టిలో దిగి, ఒట్టపిడారం వైపు సాగాలి. పాంచాలంకురిచ్చి ఆ పక్కనే.