పిల్లి చెవి కొన ఎందుకు కోస్తారు?

పాడేరు కొండల్లో చోళ్ళూ సామలూ దాచుకునే ఇంటికి ఎలుకల బెడద తప్పదు. అందుకని పిల్లి కావాలి. పిల్లి కూనలు మాత్రం వద్దు! పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఎనిమిదో ఇంటివాళ్ళు వాటిని గోనెసంచిలో వేసి వాగు అవతల వదిలివస్తారు. తల్లిపాలు మానని కూనలు అక్కడ ఎన్నాళ్ళు బతుకుతాయి?

పోనీ, దానివల్ల ఊళ్ళో పిల్లులు తగ్గుతాయా? తగ్గవు. పిల్లలు దూరమైన తల్లి త్వరలోనే మళ్ళీ కడుపుతో ఉంటుంది. తొమ్మిది వారాలు మోసి నాలుగైదు కూనలను పెడుతుంది. ఏడాదిలో రెండు మూడు ఈతలు. ఆ కూనలలో ఆడవి అయిదారు నెలలకే తల్లులు కావటానికి సిద్ధం!

ఇలా పెరగనిస్తే ఏమవుతుందో ఒక దీవి కథ చెబుతుంది. హిందూమహాసముద్రానికి దక్షిణ కొసన మేరియన్ దీవిలో చిట్టెలుకల బాధ పడలేక 1949లో 5 పిల్లులను తెచ్చారు. 1977 నాటికి అవి సుమారు 3,400 అయినాయి. ఏడాదికి 4 లక్షలకు పైగా సముద్రపక్షులను తినేశాయి. చివరకు పిల్లులన్నిటినీ చంపవలసివచ్చింది. అది ముగిసేసరికి 1991.

చంపకుండా తగ్గించే ఉపాయం ఉన్నది. మద్రాసులో బ్లూక్రాస్ సంస్థ 1964లోనే వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు మొదలుపెట్టింది. కార్పొరేషను ఆ దారికి రావటానికి 1996 దాకా పట్టింది! 2001లో కేంద్రప్రభుత్వం వీధికుక్కల విషయంలో దేశమంతటికీ నిబంధనలు చేసింది. పిల్లులకూ ఇదే పద్ధతి పనికివస్తుంది.

బోనులో కాస్త ఎండుచేప పెట్టి పిల్లిని పడతారు. పశువైద్యుడు మత్తుమందు ఇచ్చి, పిల్లలు పుట్టటానికి కావలసిన అవయవాలను తీసివేస్తాడు. ఆ మత్తులోనే ఒక చెవి కొన చిన్నముక్క కోస్తాడు. అదే గుర్తు. మళ్ళీ ఆ పిల్లే బోనులో పడితే, చెవి చూసి వదిలేస్తారు. తేరుకున్నాక దాన్ని పట్టినచోటే విడిచిపెడతారు.

ఆపరేషను అయిన పిల్లి ఎలుకలను పట్టటం మరచిపోదు. గండుపిల్లుల రాత్రి పోట్లాటలు మాత్రం తగ్గుతాయి. నిద్రపట్టనివాళ్ళకు ఇది చిన్న లాభం కాదు! అయితే పదింటిలో రెండింటికి చేసి ఊరుకుంటే లాభం లేదు. తక్కినవి ఆ లోటు ఇట్టే పూడుస్తాయి. ఊళ్ళోని పిల్లులలో చాలా భాగానికి చేయాలి. కొండ ఊళ్ళలో ఇదే కష్టం. పిల్లిని బుట్టలో పెట్టుకుని డాక్టరు ఉన్న ఊరికి పోవాలంటే ఒకరోజు పని పోతుంది. అందుచేత డాక్టరే బోనులతో ఊరికి రావటం మేలు.

పిల్లలూ, బోను పని పెద్దలకు వదలండి. పిల్లి గీరినా, కరిచినా గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రేబిస్ కుక్కల వల్లనే కాదు, పిల్లుల వల్ల కూడా వస్తుంది.