నెట్ ఎందుకు పోయిందో ఆఫీసోళ్లకు ఎట్ల తెలుస్తది?

రేపే స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కు లాస్ట్ డేట్. ఇవాళ వానకు మన జగిత్యాల దిక్కు ఊర్లో నెట్ పోయింది. కరెంటు సమస్యనా, ఫైబర్ తెగిందా? ఆఫీసులో స్క్రీన్ మీద చూసి చెప్పొచ్చు. అదే నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఒకప్పుడు లీజ్డ్ లైన్ మోడెములు, డిజిటల్ డేటా యూనిట్లను దీంతోనే చూసేవాళ్లు. ఇప్పుడు భారత్‌నెట్‌లో పంచాయతీ ఆఫీసుల్లో ఉండే ఓఎన్‌టీ బాక్సులను చూస్తున్నారు.

కరెంటు పోగానే, చాలా ఓఎన్‌టీలు కెపాసిటర్‌లో మిగిలిన కాస్త చార్జితో "నాకు పవర్ పోయింది" అని ఆఖరి మెసేజ్ పంపిస్తాయి. దీన్ని డైయింగ్ గ్యాస్ప్ అంటారు. ఫైబర్ తెగితే ఆ మెసేజ్ పోవడానికి దారే ఉండదు. తేడా అక్కడే!

అందుకే ఫోన్ చేసేముందు ఎల్‌ఓఎస్ లైట్ చూడండి. ఎర్రగా ఉంటే సిగ్నల్ అందుతలేదన్నట్టు. ఊకె రీస్టార్ట్ చేస్తే లాభం లేదు. ఆ మాటే చెప్పి మనిషిని పంపమనండి.